గెలిచేది ఒక్కరు... కట్టేది అందరూ!

‘పేకాట ఆడి బాగుపడ్డవాడు లేడు’ అన్నది పెద్దల మాట. ‘ఇది పేకాట కాదు, పోకర్ టోర్నమెంట్. లెక్క తెలిసినవాడికి ఇది ఉద్యోగంతో సమానం’ అన్నది పిల్లల మాట. ఇద్దరిలో ఎవరిది రైటు? నూజివీడు మామిడి చెట్ల కింద కూర్చుని కాస్త తాపీగా లెక్క వేద్దాం.

డిసెంబరు చివరికి వచ్చిందంటే నూజివీడు చుట్టుపక్కల అందరి చూపూ కొమ్మల చివర్ల మీదే. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, రెడ్డిగూడెం, విస్సన్నపేట... ఎటు వెళ్లినా పలకరింపు ఒకటే. ‘పూత ఎలా ఉంది?’

పూత చూసి తోట గుత్తకు మాట్లాడుకునే వ్యాపారులుంటారు. కాయ ఇంకా పుట్టనేలేదు. డబ్బు మాత్రం చేతులు మారిపోతుంది. ఆ తర్వాత ఒకటా రెండా! బూడిద తెగులు, తేనెమంచు పురుగు, తామర పురుగు... మందుల మీద మందులు. అన్నీ దాటుకుని కాయ నిలబడి, ఇక నున్న మార్కెట్టుకు లారీ మాట్లాడుకుందాం అనుకునే వేళకి ఏప్రిల్లో ఓ సాయంత్రం ఈదురుగాలి. తెల్లారి చూస్తే సగం లెక్క చెట్టు కింద పడి ఉంటుంది. కాయ బాగా నిలిచిన ఏడాదైతే అందరికీ నిలిచి, ధర పడిపోతుంది.

‘ఇంతకన్నా పెద్ద జూదం ఏముంది నాన్నా?’ అని ఓ కుర్రాడు అడిగాడనుకోండి. ఏం చెబుతారు?

కొట్టిపారేయాల్సిన ప్రశ్న కాదిది. గత పదేళ్లలో ఎన్నో తెలుగు ఇళ్లలో ఏదో ఒక రూపంలో వినబడిందే. సెల్‌ఫోన్లో రమ్మీ, దాని వెనకే పోకర్. చేతిలో చదువుంది, లెక్కలొచ్చు, ఇంగ్లిషులో పుస్తకాలు చదివాడు, వీడియోలు చూశాడు. ‘అందరూ పోగొట్టుకుంటారు నిజమే. నేను అందరిలాంటివాణ్ని కాను’ అంటాడు. అలా అనేవాళ్లలో ఎక్కడో ఒకరు నిజంగానే అందరిలాంటివారు కారు. చిక్కంతా ఆ ఒక్కరితోనే!

86 డాలర్ల కథ

ఈ ఆశకు ఓ పుట్టినరోజుంది. 2003. అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో అకౌంటెంటుగా పనిచేసే ఓ మామూలు మనిషి ఇంటర్నెట్‌లో 86 డాలర్లు కట్టి ఓ చిన్న పోటీ ఆడాడు. అందులో గెలిచి ఇంకో పోటీకి, అందులోనూ నెగ్గి లాస్ వేగాస్‌లో జరిగే ‘వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్’ ప్రధాన పోటీకి అర్హత సంపాదించాడు. నేరుగా వెళ్లాలంటే దాని ప్రవేశ రుసుం పదివేల డాలర్లు! మొత్తం 839 మంది ఆడిన ఆ పోటీలో ఆఖరికి మిగిలింది అతనే. బహుమతి 25 లక్షల డాలర్లు. పేరు క్రిస్ మనీమేకర్. సినిమా కోసం పెట్టుకున్న పేరు కాదు, పుట్టుకతో వచ్చిన ఇంటిపేరే!

ఇక చూడండి. ‘అతనికి వస్తే నాకెందుకు రాదు’ అని జనం ఎగబడ్డారు. మూడేళ్లు తిరిగేసరికి, 2006లో అదే పోటీకి 8,773 మంది వచ్చారు. 2024లో 10,112 మంది. మన దేశం నుంచీ వెళ్లి గెలిచినవారున్నారు. 2018లో నికితా లూథర్ జట్టు పోటీలో గెలిచి, ‘బ్రేస్‌లెట్’ అని పిలిచే ఆ ట్రోఫీ అందుకున్న తొలి భారతీయ మహిళ అయ్యింది.

ఇవన్నీ నిజాలే. అయితే ఒక అంకె దగ్గర ఆగాలి. 2023లో ఆ ప్రధాన పోటీలో 10,043 మంది ఆడితే బహుమతి దక్కింది 1,507 మందికి. మిగతా ఎనిమిదిన్నర వేల మంది కట్టిన డబ్బు వదులుకుని ఉత్త చేతులతో లేచారు. పేపర్లో ఫొటో పడేది మాత్రం ఒక్కరిదే.

రెండే ముక్కలు

రమ్మీ తెలిసినవారికి పోకర్ వింతగా తోస్తుంది. పదమూడు ముక్కలు పేర్చుకోవడం, జోకరు కోసం ఎదురుచూడటం, మిడిల్ డ్రాప్... ఇవేవీ ఉండవు. ఎక్కువమంది ఆడే ‘టెక్సస్ హోల్డెమ్’ పద్ధతిలో చేతికిచ్చేవి రెండే ముక్కలు. బల్ల మీద అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు తెరుస్తారు. ముందు మూడు, తర్వాత ఒకటి, ఆఖరున ఇంకొకటి. ఈ ఏడింటిలో మేలైన ఐదు ఎవరికి కుదిరితే బల్ల మధ్య పోగైనది వారిది. కానీ అసలు ఆట ముక్కల్లో లేదు, మధ్యమధ్యలో కాసే పందెంలో ఉంది. చేతిలో ఏమీ లేకపోయినా గట్టిగా కాసి ఎదుటివాణ్ని బెదరగొట్టి పంపేయొచ్చు. రెండు ఆసులు చేతిలో ఉన్నా, ఎదుటివాడి తీరు చూసి కిందపడేయాల్సి రావచ్చు.

టోర్నమెంటు అయితే అందరూ ఒకే రుసుం కడతారు, అందరికీ సమానంగా బిళ్లలు ఇస్తారు. ఆ బిళ్లలు మార్చుకుంటే డబ్బు రాదు. అయిపోతే లేచి వెళ్లిపోవడమే. కనీస పందెం కొద్దికొద్దిగా పెరుగుతూ ఉంటుంది కాబట్టి మంచి ముక్కల కోసం చేతులు కట్టుక్కూర్చుంటే బిళ్లలు వాటంతటవే కరిగిపోతాయి. బహుమతులు మామూలుగా ఆఖరున మిగిలిన పది, పదిహేను శాతం మందికే. అందులోనూ చాలామందికి దక్కేది కట్టినదానికి కాస్త ఎక్కువ, అంతే. పెద్ద వాటా ఆఖరి ముగ్గురు నలుగురిది.

సికింద్రాబాదు క్లబ్బు నుంచి సుప్రీంకోర్టు దాకా

‘అంతా అదృష్టమే కదా’ అంటారు పెద్దలు. ఇక్కడ మాత్రం పిల్లలకు కొన్ని మార్కులు వేయక తప్పదు.

పేకాటలో నేర్పు ఎంత, అదృష్టమెంత అన్న తగవు మనకు కొత్తది కాదు. దేశంలో ఏ కోర్టులో ఈ మాట వచ్చినా తిరగేసే తీర్పు మన గడ్డమీద పుట్టిందే. 1963లో సికింద్రాబాదులోని ఓ క్లబ్బు మీద పోలీసులు దాడి చేశారు. లోపల డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నారు. ఆ కేసు ఒక్కో మెట్టూ ఎక్కి సుప్రీంకోర్టుకు చేరింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కె.సత్యనారాయణకూ మధ్య నడిచిన ఆ వ్యాజ్యంలో 1967 నవంబరులో తీర్పొచ్చింది. మూడు ముక్కలాటలా రమ్మీ పూర్తిగా అదృష్టం మీద నడిచేది కాదు, ఏ ముక్కలు పడ్డాయో గుర్తుంచుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి, కాబట్టి అందులో నేర్పుదే పైచేయి అన్నది కోర్టు. క్లబ్బు పేకముక్కలకూ కుర్చీలకూ కొంత రుసుం తీసుకుంటే తప్పు కాదంది. అయితే ఆట మీద క్లబ్బే లాభాలు దండుకుంటుంటే ఆ సంగతి వేరని కూడా చెప్పింది. ఈ రెండో ముక్కను కాస్త గుర్తుపెట్టుకోండి. మన లెక్కంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

పోకర్ విషయంలో కోర్టులు ఒక్కమాట మీద నిలబడలేదు. 2013లో కర్ణాటక హైకోర్టు నేర్పున్న ఆటగా ఆడుకునేందుకు వీలిస్తే, 2017లో గుజరాత్ హైకోర్టు అది జూదమేనంది.

కోర్టుల సంగతి అలా ఉంచితే, లెక్కలు ఏమంటున్నాయి? ‘ఫ్రీకనామిక్స్’ పుస్తకంతో పేరొందిన ఆర్థికవేత్త స్టీవెన్ లెవిట్, థామస్ మైల్స్ కలిసి 2010 వరల్డ్ సిరీస్ ఫలితాలన్నీ తిరగేశారు. పోటీలు మొదలవక ముందే ‘వీళ్లు గట్టి ఆటగాళ్లు’ అని పేరున్న 720 మందిని వేరు చేసి చూశారు. వాళ్లు పెట్టిన ప్రతి వంద డాలర్లకూ సగటున 30 డాలర్లకు పైగా లాభం వచ్చింది. మిగతావాళ్లకు వందకు 15 డాలర్లకు పైగా నష్టం. ఒట్టి అదృష్టమే అయితే ముందుగా పేర్లు రాసుకున్నవాళ్లే గెలవడం కుదరదు కదా!

అంటే, పోకర్ టోర్నమెంట్లలో నిలకడగా లాభం తీసేవాళ్లు లోకంలో ఉన్నారు. ఇది ఒప్పుకోవాల్సిందే. మరి వాళ్ల లాభం ఎక్కడి నుంచి వచ్చింది? ఆ రెండో వాక్యంలోంచి!

చెట్టుకు కాసేది కాదు

మామిడికీ పోకర్‌కూ పోలిక తెచ్చే కుర్రాడికి తట్టని తేడా ఇక్కడే ఉంది. తోట గుత్తదారు నష్టపోయిన ఏడాది కూడా చెట్టు ఎంతో కొంత కాస్తుంది. రాలిన కాయ ఆవకాయకో, ఒరుగులకో పోతుంది. బంగినపల్లి ఢిల్లీలో ఎవరో కొంటారు, కలెక్టరు కాయ రసం ఫ్యాక్టరీకి వెళుతుంది, చిన్నరసాలు విజయవాడలోనే అయిపోతాయి. తినేవాడు డబ్బిచ్చి పండు తీసుకుంటాడు, వాడికీ సంతోషమే. అంటే ఈ వ్యాపారంలోకి బయటి నుంచి డబ్బు వస్తుంది. మంచి ఏడాదిలో రైతూ, గుత్తదారూ, మండీ వ్యాపారీ ముగ్గురూ నాలుగు రాళ్లు చూడొచ్చు.

పేకబల్ల మీదికి బయటి డబ్బు రాదు. కూర్చున్నవాళ్లు తెచ్చిందే అక్కడుండేది. ఒకరికి రూపాయి వచ్చిందంటే ఇంకొకరికి రూపాయి పోయినట్టే. పైగా ఆ రూపాయి కూడా పూర్తిగా రాదు, నిర్వాహకుడి కోత ముందే పోతుంది.

ఓ చిన్న టోర్నమెంటు ఊహించుకుందాం. వంద మంది. తలా 1,100 రూపాయలు కట్టారు. అందులో వెయ్యి బహుమతుల్లోకి, వంద నిర్వాహకుడికి. బల్ల మీద లక్ష రూపాయలు. నిర్వాహకుడి చేతిలో పదివేలు, ఆట మొదలవకముందే! అందరూ సమానమైన ఆటగాళ్లయితే సగటున ఒక్కొక్కరికి తిరిగొచ్చేది వెయ్యి. అంటే ఆడిన ప్రతిసారీ వంద నష్టం. అసలు దక్కించుకోవాలంటేనే మిగతావాళ్ల సగటు కన్నా పది శాతం మేలుగా ఆడాలి. లాభం సంగతి ఆ తర్వాత.

సంక్రాంతి బరుల దగ్గర చూసినవారికి ఈ సూత్రం కొత్తగా చెప్పనక్కర్లేదు. ఏ పుంజు గెలిచినా, ఏది ఓడినా, పందెం నడిపించినవాడి వాటా వాడికి వెళ్లిపోతుంది.

పోటీదారు మనకన్నా తక్కువవాడై ఉండాలన్న షరతు ఇంకా చిత్రమైనది. స్టూ అంగర్ కథ చూడండి. న్యూయార్కు కుర్రాడు. మన రమ్మీకి దగ్గర చుట్టమైన ‘జిన్ రమ్మీ’లో అతనికి ఎదురు లేదు. ఎంత గొప్పగా ఆడేవాడంటే... చివరికి అతనితో డబ్బు పెట్టి ఆడేవాడే దొరకలేదు! గెలవడమే అతని కొంప ముంచింది. అందుకే పోకర్‌కు మారాడు. 1980లో ప్రపంచ పోటీ గెలిచాడు, 1981లో మళ్లీ గెలిచాడు. మత్తుమందులకు అలవాటుపడి కనబడకుండా పోయి, 1997లో తిరిగొచ్చి మూడోసారి గెలిచాడు. అప్పుడు వచ్చింది పది లక్షల డాలర్లు. ఏడాది తిరగ్గానే, 1998 నవంబరులో లాస్ వేగాస్‌లోని ఓ చౌక మోటల్ గదిలో చనిపోయి కనిపించాడు. వయసు 45. లక్షల్లో గెలిచినవాడి పేరుమీద ఆస్తన్నది లేదు. టోర్నమెంటులో గెలిచింది గుర్రప్పందేల్లో, ఇతర పందేల్లో పోగొట్టుకోవడం అతనికి అలవాటు. ముక్కలు లెక్కపెట్టే నేర్పు డబ్బు లెక్కపెట్టుకోవడానికి పనికిరాలేదు.

ఫొటోలో చెక్కు... జేబులో చిల్లు

పోకర్ ఆటగాళ్ల గెలుపులన్నీ ఇంటర్నెట్‌లో జాబితాలుగా ఉంటాయి. ఫలానా ఆయన ఇప్పటిదాకా ఇన్ని లక్షల డాలర్లు గెలిచాడు అని. ఇంట్లో వాదన వచ్చినప్పుడు కుర్రాళ్లు చూపించేది వీటినే. ఆ జాబితాల్లో గెలిచింది ఉంటుంది, కట్టింది ఉండదు. తోట మీద ఇరవై లక్షలు వచ్చాయని చెప్పి, గుత్త, మందులు, కోత కూలి, లారీ కిరాయి చెప్పకపోతే ఆ మాటకు నూజివీడులో విలువ ఎంత?

ఈ గుట్టు ధైర్యంగా విప్పిన పెద్ద ఆటగాడు కెనడాకు చెందిన డేనియల్ నెగ్రాను. ప్రపంచంలో అందరికీ తెలిసిన పోకర్ ముఖాల్లో అతనొకడు. 2017లో అతను టోర్నమెంట్లలో గెలిచిన మొత్తం దాదాపు 28 లక్షల డాలర్లు. బయట చూసేవాళ్లకు బ్రహ్మాండమైన ఏడాది. కానీ ప్రవేశ రుసుములకే అంతకన్నా ఎక్కువ అయింది. ఏడాది మొత్తం మీద నికర నష్టం 80 వేల డాలర్లకు పైనే అని అతనే లెక్క బయటపెట్టాడు. విమానాలు, హోటళ్లు ఇందులో కలపలేదు.

ఇంకో సంగతి. చేతికొచ్చిన చెక్కు మొత్తం గెలిచినవాడిదే అనుకోవద్దు. గుత్తదారులు పెద్ద తోట పడితే నలుగురు కలిసి వాటాలు వేసుకున్నట్టే, పోకర్‌లోనూ వాటాలు అమ్ముకుంటారు. ప్రవేశ రుసుంలో సగం ఇంకొకరు పెడితే, గెలుపులో సగం వాళ్లది. 2006లో కోటీ ఇరవై లక్షల డాలర్లు గెలిచిన జేమీ గోల్డ్ సంగతి తెలుసా? ‘సగం నాకిస్తానని మాటిచ్చాడు’ అంటూ ఓ పరిచయస్తుడు కోర్టుకెక్కాడు. చివరికి 2007లో ఇద్దరూ రాజీపడ్డారు.

గట్టివాడికీ కరువు

సరే, మనవాడు నిజంగానే గట్టి ఆటగాడు అనుకుందాం. మామూలుగా కాదు, వంద మందిలో సగటువాడి కన్నా రెట్టింపు నేర్పున్నవాడు. ఇలాంటివారు అరుదు. లెక్క తేలిగ్గా ఉండటానికి బహుమతి అంతా మొదటివాడికే అనుకుందాం. సగటువాడు గెలిచే అవకాశం వందలో ఒకటి. మనవాడికి వందలో రెండు. 1,100 కట్టిన ప్రతిసారీ కాగితం మీద అతని రాబడి సగటున రెండువేలు. అంటే తొమ్మిది వందల లాభం. అద్భుతం!

ఇప్పుడతను వరసగా యాభై టోర్నమెంట్లు ఆడాడు. ఒక్కటీ గెలవకుండా ఉండే అవకాశం ఎంతో తెలుసా? దాదాపు 36 శాతం. ఇలాంటి గట్టివాళ్లు ముగ్గురుంటే, అందులో ఒకరు యాభై పోటీల తర్వాత కూడా 55 వేలు వదిలించుకుని ఉత్త చేతులతో నిలబడి ఉంటారు. వంద ఆడినా ఏడెనిమిది మందిలో ఒకరికి ఇదే గతి. నిజం పోటీల్లో చిన్నాచితకా బహుమతులుంటాయి కాబట్టి దెబ్బ కాస్త మెత్తగా తగులుతుంది. కానీ మనవాడి నేర్పు కూడా మనం అనుకున్నంత ఉండదు కదా!

ఇందులో గుండెను పిండే విషయం ఒకటుంది. ఆ ఒట్టి చేతులవాడికి తాను గట్టివాడో కాదో తెలిసే దారి లేదు. బాగా ఆడి ఓడినవాడూ, చెత్తగా ఆడి ఓడినవాడూ యాభై పోటీల తర్వాత చూడటానికి ఒకేలా ఉంటారు. ఇద్దరూ చెప్పే మాట ఒకటే... ‘టైమ్ బాలేదు, ఇంకో నెల చూద్దాం’. అలాగే వరసగా రెండు గెలిచిన సగటు ఆటగాడు తనను తాను మొనగాడనుకుంటాడు. ఉద్యోగం మానేసేది, తోట మీద అప్పు తెచ్చేది ఎక్కువగా ఈ రెండోరకమే. ఓడినవాడి కన్నా మొదట్లో గెలిచినవాడి గురించే ఇంట్లోవాళ్లు ఎక్కువ కంగారుపడాలి.

తోటకైతే నాలుగైదు కాపులు చూస్తే ఓ అంచనా వస్తుంది. టోర్నమెంటు పోకర్‌లో ఆటగాడి అసలు సత్తా బయటపడటానికి వందలు చాలవు, వేలు కావాలి. విదేశాల్లో దీన్ని వృత్తిగా చేసుకున్నవాళ్లు కంప్యూటరు ముందు కూర్చుని ఒకేసారి నాలుగైదు, ఒక్కోసారి పదికి పైగా టోర్నమెంట్లు తెరిచి ఆడతారు. ఏడాదికి వేలల్లో. ‘లాంగ్ రన్’ అని వాళ్లు జపించే మాటకు అర్థం అదే. దాంతోపాటు మూడు నాలుగు వందల ప్రవేశ రుసుములకు సరిపడా డబ్బు, ఇంటి ఖర్చుకు సంబంధం లేకుండా, పక్కన పెట్టుకుంటారు. పోతే పోయింది అనుకోగలిగిన డబ్బు. కాపు అమ్మిన డబ్బో, చెల్లెలి పెళ్లికి దాచిందో కాదు.

గెలిచినా నష్టమే!

ఇంతవరకూ చెప్పింది లోకంలో ఎక్కడైనా వర్తించే లెక్క. మన దేశానికి వచ్చేసరికి ఇంకో పెద్దాయన బల్ల దగ్గర కూర్చుంటాడు. ఆదాయపు పన్ను శాఖ!

లాటరీలు, గుర్రప్పందేలు, పేకాట లాంటి వాటిలో గెలిచిన డబ్బు మీద పన్ను నేరుగా 30 శాతం. సెస్సు అదనం. ‘నా ఆదాయం తక్కువ’ అంటే కుదరదు, శ్లాబులు ఇక్కడ పనిచేయవు. అన్నిటికన్నా ముఖ్యమైనది, ఖర్చులు మినహాయించుకోవడానికి వీల్లేదు. పది పోటీల్లో పోగొట్టుకుని పదకొండోదాంట్లో గెలిస్తే, పన్ను ఆ పదకొండోదాని గెలుపు మీదే. పోయిన పదింటి ఊసు లేదు.

మన లెక్కకే వద్దాం. ఓ మంచి ఆటగాడు 1,100 రూపాయల పోటీలు వంద ఆడాడు. పెట్టుబడి 1,10,000. నూటికి ఇరవై లాభంతో, అంటే మొత్తం 1,32,000 గెలిచాడు. లాభం 22 వేలు. ఇప్పుడు గెలిచిన మొత్తం మీద 30 శాతం పన్ను... 39,600. లాభం ఎగిరిపోయి, 17,600 ఎదురు పడింది! గెలుస్తున్న ఆటగాడే, కానీ నష్టంలో ఉన్నాడు. అసలు దక్కాలంటేనే వంద పెట్టినచోట 143 తేవాలి. లెవిట్ లెక్కలోని ఆ 720 మంది మేటి ఆటగాళ్లు తెచ్చింది 130 చిల్లర. అర్థమైందా?

అమెరికాలో ఉంటున్న మనవాళ్లకు పరిస్థితి ఇంత కఠినం కాదు. గెలుపుల్లోంచి ఓటములు తీసేసి చూపే వెసులుబాటు అక్కడుంది. దానికీ 2025లో తెచ్చిన చట్టం కోత పెట్టింది. 2026 నుంచి ఓటముల్లో 90 శాతం వరకే లెక్కలోకి వస్తుంది. లక్ష గెలిచి లక్ష పోగొట్టుకున్నవాడు, రూపాయి మిగలకపోయినా, పదివేల మీద పన్ను కట్టాలన్నమాట. అక్కడి పోకర్ ఆటగాళ్లు దీనిపై గగ్గోలు పెట్టారంటే పెట్టరూ!

నలభై ఏళ్ల టోర్నమెంటు

ఇక ఆడటానికి చోటేది? తెలంగాణ 2017లోనే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబరులో రమ్మీ, పోకర్ సహా ఆన్‌లైన్ పందేలను నిషేధించే నిర్ణయం తీసుకుంది. ఆడించేవాళ్లకు మొదటిసారి ఏడాది, రెండోసారి రెండేళ్ల జైలు, ఆడేవాళ్లకు ఆరు నెలలు అని ప్రకటించింది. మరుసటి నెలలో 132 సైట్లు, యాప్‌లను ఆపేయాలని అప్పటి ముఖ్యమంత్రి కేంద్రానికి లేఖ కూడా రాశారు. అయినా ఫోన్లో ఊరు మార్చి చూపించే కిటుకులతో ఆట సాగించినవాళ్లు ఉండనే ఉన్నారు.

2023 అక్టోబరు నుంచి ఆన్‌లైన్‌లో ఆటకు కట్టే డబ్బు మీద 28 శాతం జీఎస్టీ పడింది. 2025 ఆగస్టులో అసలు కథే ముగిసింది. పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ, నేర్పా అదృష్టమా అన్న తేడా లేకుండా, నిషేధిస్తూ చట్టం చేసింది. ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పడింది. ఆడించేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఆడేవాళ్లకు ఈ చట్టంలో శిక్ష పెట్టలేదు. పెద్దపెద్ద కంపెనీలు ఆ వారంలోనే డబ్బాటలు ఆపేశాయి. చట్టం చెల్లదంటూ కంపెనీలు కోర్టుల మెట్లెక్కాయి. సికింద్రాబాదు క్లబ్బు కేసులో తేలిందనుకున్న ఆ పాత ప్రశ్నే మళ్లీ కొత్తగా లేచింది.

కాబట్టి ఇవాళ మన కుర్రాడికి చట్టబద్ధంగా మిగిలింది లైసెన్సున్న కేసినోలు. గోవా, లేదంటే సిక్కిం. విజయవాడలో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి గోవా వెళ్లి, మాండవి నదిలో నిలిపిన ఓడ ఎక్కాలి. రానూపోనూ ఛార్జీలు, గది అద్దె, తిండి... ఇవన్నీ ప్రవేశ రుసుం మీద అదనం. 2025 సెప్టెంబరు 22 నుంచి కేసినోల మీద జీఎస్టీ 40 శాతానికి చేరింది. అదీ ఏదో ఒక దారిలో ఆడేవాడి మీదే పడుతుంది. ఓడలో ఎదురుగా కూర్చునేది ఎవరు? దేశం నలుమూలల నుంచి ఇదే లెక్క వేసుకుని వచ్చినవాళ్లు. తెలిసీ తెలియక ఫోన్లో ఆడిన లక్షల మంది కొత్తవాళ్లు అక్కడికి రారు. గట్టివాడి లాభం ఎక్కడి నుంచి వస్తుందో ముందే చూశాం.

ఆఖరుగా ఒక్క భాగాహారం. సత్తా తేలడానికి తక్కువలో తక్కువ రెండువేల టోర్నమెంట్లు కావాలనుకుందాం. ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని ఆడగలిగిన రోజుల్లో అది ఏడాదో రెండేళ్లో. నెలకోసారి గోవా వెళ్లి, వెళ్లినప్పుడల్లా నాలుగు పోటీలు ఆడితే ఏడాదికి యాభైకి అటూఇటూ. రెండువేలు పూర్తవడానికి నలభై ఏళ్లు. పాతికేళ్ల కుర్రాడు ఈ పూతకి మొదలుపెడితే, తాను లాభంలో ఉండే ఆటగాడో కాదో అరవై ఐదో ఏట తెలుస్తుంది.